లేని కంప్యూటర్లకు ఆగని రిక్వెస్టులు

మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్ నడిచే సర్వర్‌లో 'ఇన్‌బాక్సెస్' అనే ఫోల్డరు తెరిస్తే లోపల పదుల కొద్దీ చిన్న ఫోల్డర్లు కనిపిస్తాయి. సీసీఆర్ డాట్ బాక్స్, సీసీఆర్ రిట్రై డాట్ బాక్స్ అనేవి వాటిలో రెండు. సీసీఆర్ అంటే క్లయింట్ కాన్ఫిగరేషన్ రిక్వెస్ట్. ఫలానా కంప్యూటర్లో మన ఏజెంటు, అంటే క్లయింట్, లేదు, వెళ్ళి ఇన్‌స్టాల్ చేసి రావాలి అని సర్వర్ తనకు తానే రాసుకునే చీటీ అది. అన్నీ సవ్యంగా ఉన్న చోట ఈ చీటీలు పుట్టిన కాసేపటికే మాయమవుతాయి. రిట్రై ఫోల్డరులో అవి వందలు, వేలుగా పేరుకుపోయి రోజులు గడిచినా తగ్గడం లేదంటే ఎక్కడో తేడా కొట్టినట్టే. చాలామంది సిస్టమ్ అడ్మిన్లు ముందుగా చేసే పని ఆ ఫైళ్ళన్నీ ఎంచుకుని డిలీట్ కొట్టడం. వారం తిరక్కుండా అవి మళ్ళీ పోగవుతాయి.

ఎందుకు పోగవుతాయన్న దాని మీద అడ్మిన్లలో రకరకాల అభిప్రాయాలున్నాయి. ఫైర్‌వాల్ అడ్డుపడుతోందని నెట్‌వర్క్ తెలిసినవాళ్ళు, అకౌంటుకు హక్కులు చాలలేదని సెక్యూరిటీ వాళ్ళు, సర్వర్ శక్తి చాలడం లేదు కాబట్టి ర్యామ్ పెంచాలని కొనుగోళ్ళ వైపు వాళ్ళు అంటారు. ర్యామ్ సంగతి పక్కన పెడితే మిగతా రెండింట్లోనూ నిజం ఉంది. కానీ రిక్వెస్టులు విపరీతంగా పెరిగిన చోట్ల గట్టిగా తవ్వితే ఎక్కువగా బయటపడేది వేరే విషయం. ఇన్‌స్టాలేషన్ బాగానే పనిచేస్తూ ఉంటుంది, ఎవరికి ఇన్‌స్టాల్ చేయాలో చెప్పే జాబితానే తప్పుగా ఉంటుంది.

ఈ మాట ఎంత నిజమో చూడాలంటే ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ లాంటి ఊరిని మనసులో పెట్టుకోవాలి. 2003 ఏప్రిల్‌లో పాత సౌత్ ఈస్టర్న్ రైల్వే నుంచి విడిపోయి సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జోన్ పనిచేయడం మొదలుపెట్టినప్పటి నుంచి దాని కేంద్రం ఇదే. బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ మూడు డివిజన్లు. కోర్బా బొగ్గు సైడింగుల నుంచి కట్నీ దారిలోని పెండ్రారోడ్ ఘాటు దాకా, రాయ్‌గఢ్ నుంచి గోండియా దాకా పరుచుకున్న స్టేషన్లు, యార్డులు, క్రూ లాబీలు, షెడ్లు, ఆసుపత్రులు, స్టోర్లు. కోల్ ఇండియాకు చెందిన సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కేంద్ర కార్యాలయమూ, ఛత్తీస్‌గఢ్ హైకోర్టూ ఈ ఊరి పరిధిలోనే ఉన్నాయి. అంటే ఒక కేంద్రంలో కూర్చుని, వందల కిలోమీటర్ల దూరాన అడవి అంచున ఉన్న గదిలోని కంప్యూటర్ను కూడా చూసుకోవాల్సిన పని ఈ ఊరి సంస్థలకు తప్పదు. ఏ సంస్థ ఏ సాఫ్ట్‌వేర్ వాడుతోందన్నది ఇక్కడ విషయం కాదు. ఇంతగా చెదిరిపోయిన చోట ఈ జబ్బు ఎలా ముదురుతుందన్నదే చర్చ.

తెలుగువాళ్ళకు ఈ ఊరు పరాయిది కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో పుట్టింది. రాయ్‌పూర్ నుంచి విజయనగరం వైపు లైను 1931లో పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు, ఛత్తీస్‌గఢ్‌కు రాకపోకలు సులువయ్యాయి. బుధ్వారీ బజారు చుట్టుపక్కల రైల్వే క్వార్టర్లలో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది. కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్, బిలాస్‌పూర్–తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఆ బంధుత్వాలను మోస్తూనే ఉన్నాయి. తాత ట్రాక్ గ్యాంగులో, తండ్రి లోకో షెడ్డులో చేసిన ఇంట్లో మూడో తరం హైదరాబాదులో కూర్చుని ఏదో ఒక దేశపు కంపెనీ కంప్యూటర్లకు ఇదే కాన్ఫిగరేషన్ మేనేజర్ కన్సోలు నుంచి ప్యాచులు పంపుతూ ఉంటే వింతేమీ కాదు. ఆ సాఫ్ట్‌వేరుకు 2012 వెర్షన్ వచ్చిన నాటికి మైక్రోసాఫ్ట్‌లో సర్వర్ అండ్ టూల్స్ విభాగాన్ని నడిపింది కూడా హైదరాబాదు మనిషే, సత్య నాదెళ్ళ.

ఆ సాఫ్ట్‌వేర్ వంశవృక్షం పెద్దదే. 1994లో సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్ పేరుతో మొదలై, ఎస్ఎంఎస్ 2003 దాటి, 2007లో ఎస్‌సీసీఎంగా మారి, 2015 డిసెంబరు నుంచి ఏడాదికి కొన్ని సార్లు కొత్త కూర్పులు తెచ్చుకుంటూ, పేర్లు మార్చుకుంటూ వచ్చింది. పేరు ఎన్నిసార్లు మారినా క్లయింట్ పుష్ అనే పద్ధతి మాత్రం మారలేదు.

పుష్ పని ఇలా సాగుతుంది. సర్వర్ ముందుగా యాక్టివ్ డైరెక్టరీని అడిగి డొమైన్లో ఏయే కంప్యూటర్లున్నాయో తెలుసుకుంటుంది. దీన్ని డిస్కవరీ అంటారు. డిఫాల్టుగా పూర్తి డిస్కవరీ 7 రోజులకోసారి, కొత్తగా చేరినవాటి కోసం చిన్న డిస్కవరీ 5 నిమిషాలకోసారి జరుగుతాయి. దొరికిన ప్రతి కంప్యూటర్ పేరునూ డేటాబేసులో చూస్తుంది. ఆ పేరు పక్కన క్లయింట్ ఉన్నట్టు గుర్తు లేకపోతే, అది మన సైటు సరిహద్దుల్లోనే ఉంటే, సైటు మొత్తానికీ ఆటోమేటిక్ పుష్ అనే టిక్కు పెట్టి ఉంటే, వెంటనే ఒక సీసీఆర్ పుడుతుంది. దాన్ని పట్టుకుని సర్వర్ ఆ కంప్యూటర్ అడ్మిన్ షేరు తలుపు తడుతుంది. తలుపు తెరుచుకుంటే సీసీఎం సెటప్ అనే చిన్న ప్రోగ్రామును అక్కడ పెట్టి, దాన్ని నడిపించి వచ్చేస్తుంది. అసలు బరువైన ఫైళ్ళను ఆ ప్రోగ్రామే తర్వాత డిస్ట్రిబ్యూషన్ పాయింట్ నుంచి తెచ్చుకుంటుంది.

తలుపు తెరుచుకోకపోతే గంట తర్వాత మళ్ళీ వెళ్తుంది. అప్పుడూ కాకపోతే ఇంకో గంటకు. ఇలా 7 రోజులు, అంటే 168 సార్లు. ఆ తర్వాత చీటీ చించేస్తుంది. కానీ తర్వాతి పూర్తి డిస్కవరీలో అదే పేరు మళ్ళీ కనబడితే కొత్త చీటీ పుడుతుంది. లెక్క వేసుకుంటే సంగతి తేలిపోతుంది. డైరెక్టరీలో 400 పాత పేర్లు మిగిలి ఉన్నాయనుకుంటే, వారానికి 67,200 ప్రయత్నాలు దాకా వాటి మీదే వృథా. ఒక్కొక్క ప్రయత్నం అవతల ఎవరూ లేరని తేల్చుకోవడానికి కొన్ని క్షణాలు ఎదురుచూస్తుంది. ఈ లోపు నిజంగా కొత్తగా వచ్చిన కంప్యూటర్ చీటీ వరసలో వెనక నిలబడి ఉంటుంది. పుష్ పనిచేయడం లేదని హెల్ప్‌డెస్కుకు ఫోను వచ్చేది ఆ కొత్త కంప్యూటర్ దగ్గర నుంచే. అక్కడికి వెళ్ళి చూస్తే దానిలో ఏ దోషమూ ఉండదు.

రోగ నిర్ధారణకు అందరూ ఒప్పుకునే మొదటి మెట్టు సర్వర్ లాగ్స్ ఫోల్డరులోని సీసీఎం డాట్ లాగ్. రిక్వెస్టు వరస నుంచి బయటికి తీసిన క్షణం నుంచి, ఏ అకౌంటుతో ఏ కంప్యూటర్ అడ్మిన్ షేరుకు ప్రయత్నించిందీ, ఏమైందీ, తిరిగి రిట్రై వరసలో ఎప్పుడు పెట్టిందీ పూస గుచ్చినట్టు అందులో ఉంటుంది. అయితే దాన్ని చదవడంలో ఒక ఉచ్చు ఉంది. విఫలమైన ప్రతి రిక్వెస్టు చివరా ఎర్రరంగులో వచ్చే వాక్యం ఒక్కటే: టార్గెట్ మిషన్ అందలేదు, అనుమతి లేకపోవడమో నెట్‌వర్క్ దారి తప్పు కావడమో అయుండొచ్చు అని. రెండు పూర్తిగా వేరే జబ్బుల్ని ఒకే వాక్యంలో కలిపేసిన ఈ ఎర్ర వాక్యాన్ని పట్టుకుని ఊళ్ళో అందరి ఫైర్‌వాల్‌లనూ తెరిపించినవాళ్ళున్నారు. చూడాల్సింది దానికి నాలుగైదు వరసల పైన, బ్రాకెట్లో ఉండే అంకె. 5 అయితే కంప్యూటర్ ఉంది, అకౌంటుకు హక్కు లేదు. 53 అయితే దారే లేదు. 1326 అయితే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు. 1396 అయితే తలుపు తీసింది వేరెవరో.

ఒక్క పూట లాగ్ తీసుకుని ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో ఎక్సెల్‌లో పోగేస్తే సమస్య సగం విప్పుకున్నట్టే. 5, 1326 ఎక్కువైతే అకౌంటు సంగతి చూడాలి. 53లు ముంచెత్తుతుంటే మాత్రం ఫైర్‌వాల్ జోలికి వెళ్ళే ముందు ఆ పేర్లు గల కంప్యూటర్లు అసలు లోకంలో ఉన్నాయా అని అడగాలి.

ప్రభుత్వ ఆఫీసుల సంగతి తెలిసినవాళ్ళకు ఇక్కడ నవ్వొస్తుంది. రైల్వేలో ఒక పాత కంప్యూటర్ను కండెమ్ చేయాలంటే ఎంత తతంగం! డెడ్‌స్టాక్ రిజిస్టరులో కొట్టివేత, సంతకాలు, పాత సరుకు స్టోర్స్ డిపోకి తిప్పి పంపడానికి డీఎస్-8 కాగితం. ఇనుప బీరువా అయినా, కంప్యూటర్ అయినా కాగితం లేకుండా గుమ్మం దాటదు. ఇంత పకడ్బందీగా వస్తువు బయటికి వెళ్ళాక కూడా యాక్టివ్ డైరెక్టరీలో దాని పేరు అలాగే ఉండిపోతుంది. ఎందుకంటే డీఎస్-8 మీద ఆ గడి లేదు. కండెమ్ చేసేది ఒక విభాగం, డొమైన్ చూసేది ఇంకో విభాగం. ఊరొదిలి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలో ఏళ్ళ తరబడి ఉండిపోయినట్టు, తుక్కు అయిపోయిన కంప్యూటర్ డైరెక్టరీలో మాత్రం ఉద్యోగం చేస్తూనే ఉంటుంది. ప్రైవేటు కంపెనీల్లో కాగితాలు తక్కువ, అంతే. ఫలితంలో తేడా లేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆపేయడం ఈ గొడవను పెంచింది. విండోస్ 11కి సరిపోని పాత పెట్టెల్ని తీసి కొత్తవి పెట్టిన ప్రతి చోటా కొత్త పేర్లు చేరాయి. పాత పేర్లు తీసేయడం ఎవరికి గుర్తుంటే వాళ్ళ అదృష్టం.

అయితే డైరెక్టరీలో పేరు ఉన్నంత మాత్రాన లేని కంప్యూటర్ దయ్యమై లేవదు. కాన్ఫిగరేషన్ మేనేజర్ ఒక జాగ్రత్త తీసుకుంటుంది. డైరెక్టరీలో దొరికిన పేరుకు డీఎన్ఎస్‌లో ఐపీ అడ్రసు కూడా దొరికితేనే దాన్ని డేటాబేసులోకి ఎక్కిస్తుంది. అడ్రసు లేని పేర్లు అక్కడే రాలిపోతాయి. కాబట్టి 53ల వరదకు కారణం రెండు జాబితాలు కలిసి పాతబడడం: డైరెక్టరీలో పాత పేరు, డీఎన్ఎస్‌లో పాత అడ్రసు. విండోస్ డీఎన్ఎస్‌లో పాత రికార్డుల్ని ఊడ్చేసే స్కావెంజింగ్ అనే ఏర్పాటు ఉంది. డిఫాల్టుగా అది ఆపి ఉంటుంది. నడిపిస్తే 7 రోజుల తాకరాని గడువు, ఆపైన ఇంకో 7 రోజుల గడువు దాటాక గానీ రికార్డు ఊడ్పుకు రాదు. డీహెచ్‌సీపీ మామూలుగా 8 రోజులకు అడ్రసు అద్దెకిస్తుంది. ఎక్కడైనా జనం వచ్చిపోయే చోట, ట్రైనింగ్ స్కూల్లోనో క్రూ లాబీలోనో, ఆ అద్దె గడువును గంటలకు తగ్గించారనుకుందాం. నిన్న ఒక ల్యాప్‌టాప్ పేరు మీద ఉన్న అడ్రసు ఇవాళ ఇంకోదానికి వెళ్తుంది. డీఎన్ఎస్‌లో మాత్రం రెండు పేర్లూ ఒకే అడ్రసు చూపిస్తుంటాయి. సర్వర్ పాత పేరు పట్టుకుని వెళ్ళి కొత్త మిషన్ తలుపు తడుతుంది. పేరు కలవలేదని, గుర్తింపు సరిచూసే కెర్బెరోస్ తిప్పి పంపుతుంది. లాగ్‌లో కనబడే 1396 అదే. అంటే స్కావెంజింగ్ గడువునూ, అద్దె గడువునూ చూసేవాళ్ళు ఒకరి పక్కన ఒకరు కూర్చుని పెట్టుకోవాలి. చాలా చోట్ల డీఎన్ఎస్ ఒకరిది, డీహెచ్‌సీపీ ఇంకొకరిది, మధ్యలో ఒక కాంట్రాక్టరు.

సర్వర్ వైపు కూడా ఒక జల్లెడ ఉంది. సిస్టమ్ డిస్కవరీ సెట్టింగుల్లో, ఇటీవల డొమైన్లోకి లాగిన్ అయిన కంప్యూటర్లనే చూడు, ఇటీవల తన పాస్‌వర్డు మార్చుకున్నవాటినే చూడు అని రెండు టిక్కులుంటాయి. రెండిటికీ డిఫాల్టు గడువు 90 రోజులు. కానీ టిక్కులు మనమే పెట్టుకోవాలి. డొమైన్లో ఉన్న విండోస్ కంప్యూటర్ మామూలుగా 30 రోజులకోసారి తన పాస్‌వర్డు తానే మార్చుకుంటుంది. కాబట్టి 90 రోజులుగా మార్చుకోని కంప్యూటర్ బతికి ఉండే అవకాశం తక్కువ. ఈ రెండు టిక్కులు పెట్టకుండా కన్సోల్లో పాత పేర్లను ఎంచుకుని డిలీట్ చేసే ఓపికమంతులకు తర్వాతి డిస్కవరీ మళ్ళీ అవే పేర్లు తెచ్చిపెడుతుంది.

దయ్యాల కన్నా తెలివైన జబ్బు ఇంకొకటుంది. ఇందులో కంప్యూటర్లు నిజంగానే ఉంటాయి, క్లయింటు కూడా ఉంటుంది, అయినా రిక్వెస్టులు వస్తూనే ఉంటాయి. చాలామంది నిపుణులు సైతం ఇక్కడే తికమకపడతారు కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

క్లయింట్ ఉన్న ప్రతి కంప్యూటర్ తాను బతికే ఉన్నానని సర్వర్‌కు అప్పుడప్పుడూ కబురు పెడుతుంది. పేరు హార్ట్‌బీట్ డిస్కవరీ. డిఫాల్టు 7 రోజులు. సర్వర్లో క్లియర్ ఇన్‌స్టాల్ ఫ్లాగ్ అనే ఒక మెయింటెనెన్స్ పని ఉంటుంది. అది డిఫాల్టుగా నడవదు. నడిపిస్తే, 21 రోజులుగా హార్ట్‌బీట్ రాని కంప్యూటర్ల పక్కన క్లయింట్ ఉన్నట్టున్న గుర్తును చెరిపేస్తుంది. ఉద్దేశం మంచిదే. ఎవరైనా కంప్యూటర్ను ఫార్మాట్ చేసి క్లయింటు పోగొడితే సర్వర్‌కు తెలిసి మళ్ళీ పంపుతుంది. ఇప్పుడు దూరపు స్టేషన్ల సన్నని లైన్ల మీద బరువు తగ్గిద్దామని ఎవరో హార్ట్‌బీట్‌ను 7 నుంచి 30 రోజులకు మార్చారనుకుందాం. ఫ్లాగ్ చెరిపే గడువు 21 దగ్గరే ఉంది. ఇరవై రెండో రోజు నుంచి ఏ జబ్బూ లేని కంప్యూటర్ల గుర్తులు వరసపెట్టి చెరిగిపోతాయి. ఆటోమేటిక్ పుష్ ఆన్‌లో ఉంటే ప్రతిదానికీ సీసీఆర్ పుడుతుంది. వాటిలో తలుపు తెరిచినవాటిలోకి క్లయింటు మళ్ళీ వెళ్తుంది, బాగున్నదాని మీదే. అప్పుడు హార్ట్‌బీట్ వస్తుంది, గుర్తు పడుతుంది, మూడు వారాలకు మళ్ళీ చెరుగుతుంది. నెట్‌వర్క్ బరువు తగ్గించడానికి చేసిన మార్పే బరువు పెంచే మరగా తయారవుతుంది. మైక్రోసాఫ్ట్ పత్రాలు ఈ విషయం సూటిగానే చెబుతాయి: చెరిపే గడువు హార్ట్‌బీట్ గడువు కన్నా ఎక్కువ ఉండాలి. ఎక్కువ అంటే ఒక రోజు ఎక్కువ అని కాదు. సెలవు మీద వెళ్ళిన గుమాస్తా మిషన్ నెల రోజులు ఆగి ఉన్నా పట్టనంత ఎక్కువ ఉంటే మేలు.

క్లయింట్ల కబుర్లు అందుకునే మేనేజ్‌మెంట్ పాయింటు చాలాకాలం పడిపోయినప్పుడూ, సర్టిఫికెట్టు గడువు తీరి క్లయింట్లు దానితో మాట్లాడలేకపోయినప్పుడూ ఇలాగే జరుగుతుంది. హార్ట్‌బీట్లు పంపినా చేరవు. సర్వర్ మాత్రం క్లయింట్లే పోయాయనుకుంటుంది. ఇటువంటప్పుడు పుష్ రిక్వెస్టులు హఠాత్తుగా, ఒకే రోజు, అన్ని డివిజన్ల నుంచీ పెరుగుతాయి. పెరిగిన తీరు చూసే సగం చెప్పేయొచ్చు: మెల్లగా పెరిగితే జాబితా పాతబడింది, ఒక్కసారిగా పెరిగితే సెట్టింగో సర్వరో మారింది.

ఒకే హార్డ్‌డిస్కు నకలు తీసి వంద కంప్యూటర్లకు వేసే అలవాటు మరో కారణం. క్లయింట్ ఇన్‌స్టాల్ అయి ఉన్న మిషన్నే నకలు తీస్తే, ఎస్ఎంఎస్ సీఎఫ్‌జీ డాట్ ఐఎన్ఐ ఫైలుతో పాటు దాని గుర్తింపు కూడా వంద చోట్లకు పోతుంది. డేటాబేసులో ఒకే గుర్తింపు కోసం వందమంది కొట్టుకుంటారు. ఒకరి రికార్డు మీద ఇంకొకరి హార్ట్‌బీట్ పడుతుంది, గెలిచినవాడొక్కడే క్లయింటు ఉన్నవాడు. మిగతావాళ్ళకు చీటీలు. నకలుకు ముందు ఆ ఫైలూ ఎస్ఎంఎస్ సర్టిఫికెట్లూ తుడిచేసి సిస్‌ప్రెప్ నడిపితే ఈ తలనొప్పి ఉండదు.

సరిహద్దుల సంగతి రైల్వే ఊరికి బాగా అర్థమవుతుంది. 2003లో ఒక జోన్ రెండు మూడుగా విడిపోయినప్పుడు ఏ స్టేషన్ ఎవరి కిందన్నది గీత గీసి తేల్చాల్సి వచ్చింది. విశాఖ కేంద్రంగా సౌత్ కోస్ట్ రైల్వేను 2019 ఫిబ్రవరిలో ప్రకటించాక వాల్తేరు డివిజన్‌ను ఎలా పంచాలన్న దాని మీద ఏళ్ళ తరబడి చర్చ నడిచింది. కాన్ఫిగరేషన్ మేనేజర్లోనూ ఏ ఐపీ పరిధి ఏ సైటుదో బౌండరీ గ్రూపులు చెబుతాయి. ఆటోమేటిక్ పుష్ తన సైటుకు కేటాయించిన కంప్యూటర్లకే వెళ్తుంది. ఒకే ఐపీ పరిధిని రెండు సైట్లకూ కేటాయించేస్తే, రెండు సర్వర్లూ ఒకే కంప్యూటర్ను తమదంటాయి. సంస్థలు చీలినప్పుడు, కలిసినప్పుడు, పాత సైటు మూసేయకుండా కొత్తది పెట్టినప్పుడు ఇలా జరుగుతుంది. నెట్‌వర్క్ మ్యాపు చేతిలో లేనివాళ్ళు ఈ చిక్కును రిమోట్‌గా పట్టుకోవడం కష్టం.

ఇక దారి మూసుకుపోయిన కేసులు. ఇవి తేలిక. ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌కు, డబ్ల్యూఎంఐకి విండోస్ ఫైర్‌వాల్లో మినహాయింపు కావాలి. మధ్యలో ఉన్న రూటర్లు టీసీపీ 445, 135 పోర్టుల్ని ఆపకూడదు. అకౌంటు ఆ కంప్యూటర్లో లోకల్ అడ్మినిస్ట్రేటర్ అయుండాలి. ఇక్కడ ఒక అలవాటు మాత్రం చెడ్డది. ఏదో ఒకటి పనిచేస్తుందిలే అని ఐదారు పుష్ అకౌంట్లు చేర్చేస్తారు. సర్వర్ ప్రతి కంప్యూటర్ దగ్గరా వాటిని ఒకటి తర్వాత ఒకటి ప్రయత్నిస్తుంది. వాటిలో ఒకదాని పాస్‌వర్డు మారి కన్సోల్లో మార్చకపోతే, గంటకోసారి వందల చోట్ల తప్పు పాస్‌వర్డు పడి ఆ అకౌంటు లాకవుతుంది. సెక్యూరిటీ టీము దాన్ని దాడి అనుకుంటుంది.

అలా అనుకోవడంలో వాళ్ళ తప్పూ లేదు. పుష్ పద్ధతిలో సర్వర్ తానే వెళ్ళి, చాలా హక్కులున్న అకౌంటుతో, ఎవరో తెలియని కంప్యూటర్ తలుపు తడుతుంది. ఆ అవతల ఉన్నది దొంగ కంప్యూటర్ అయితే? కెర్బెరోస్ కుదరకపోతే పాత ఎన్‌టీఎల్ఎంకు దిగే వెసులుబాటు ఉన్న చోట, సర్వర్ పంపే ఆ పరిచయాన్ని దొంగ ఇంకో చోటికి మళ్ళించుకోవచ్చని పరిశోధకులు చూపించారు. 2022 సెప్టెంబరులో సీవీఈ-2022-37972 పేరుతో మైక్రోసాఫ్ట్ దీనికి ప్రత్యేకంగా ప్యాచు విడుదల చేసింది. దీన్ని రిక్వెస్టుల సమస్యతో కలిపి చూడాలి. పేరుకుపోయిన ప్రతి సీసీఆరూ, గంటకోసారి, ఏడు రోజుల పాటు, ఎవరు తీస్తారో తెలియని తలుపు ముందు అడ్మిన్ అకౌంటును నిలబెట్టడమే. కాబట్టి రిట్రై ఫోల్డరు నిండిపోవడం కేవలం నిదానపు సమస్య కాదు, భద్రత సమస్య కూడా. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద దాడి జరిగి రోజుల తరబడి ఓపీ కాగితాల మీదే నడవాల్సి వచ్చింది. నెట్‌వర్కును సరిగ్గా విడగొట్టుకోకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఆ దాడికి ఈ సాఫ్ట్‌వేరుతో సంబంధం లేదు. కానీ పెద్ద హక్కులున్న అకౌంటు ఊరంతా తిరిగే ఏ ఏర్పాటునైనా ఆ తర్వాత అనుమానంతో చూడాల్సిందే.

జాబితా తప్పయితే పరిణామం ఎంత దూరం పోతుందో చెప్పడానికి అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీ ఉదంతం ఇప్పటికీ తగినది. 2014 మే నెలలో విండోస్ 7 ఇన్‌స్టాల్ చేసే పని, కొన్నిటికి వెళ్ళాల్సింది, పొరపాటున యూనివర్సిటీ విండోస్ కంప్యూటర్లన్నిటికీ వెళ్ళింది. డెస్క్‌టాపులు, ల్యాప్‌టాపులు, సర్వర్లు ఫార్మాట్ కావడం మొదలయ్యాయి. ఆపడానికి పరుగెత్తేసరికి ఆ పని పంపిన ఎస్‌సీసీఎం సర్వర్ కూడా తనను తాను ఫార్మాట్ చేసుకుంది. అక్కడ సాఫ్ట్‌వేర్ చెప్పినట్టే చేసింది. ఎవరికన్న జాబితా ఒక్కటే తప్పింది.

అసలు పుష్ ఎందుకు, వేరే దారులు లేవా అన్నది ఈ చర్చలో చివరికి తేలే ప్రశ్న. ఉన్నాయి. గ్రూప్ పాలసీ ద్వారా గానీ, కంప్యూటర్ ఆన్ అయినప్పుడు నడిచే స్టార్టప్ స్క్రిప్టు ద్వారా గానీ, డబ్ల్యూఎస్‌యూఎస్ అప్‌డేట్ల దారిలో గానీ క్లయింటును ఇవ్వొచ్చు. వీటన్నిటిలో కంప్యూటరే ముందుకొచ్చి అడుగుతుంది. లేని కంప్యూటర్ అడగదు, కాబట్టి దయ్యాల బాధ పుట్టదు. తలుపు తట్టే అడ్మిన్ అకౌంటూ అక్కర్లేదు. కొత్త మిషన్లకు విండోస్ వేసేటప్పుడే క్లయింటు కూడా వేసేస్తే ఇంకా నయం. లోపం ఏమిటంటే, ఆన్ చేయని కంప్యూటర్, డొమైన్‌ను చూడలేని కంప్యూటర్ ఎప్పటికీ అడగవు, అవి లేవన్న సంగతి ఎవరూ గమనించరు. పుష్ సమర్థకులు పట్టుకునే వాదన ఇదే: కనీసం మేము విఫలమైనప్పుడు గట్టిగా అరుస్తాం అంటారు. న్యాయమైన మాటే. కానీ అరుపు కోసం సైటు మొత్తానికీ ఆటోమేటిక్ టిక్కు పెట్టి ఉంచడం దండగ. క్లయింటు లేని కంప్యూటర్ల జాబితా వారానికోసారి రిపోర్టుగా తీసి, మనిషి ఒకసారి చూసి, బతికున్నవాటికి మాత్రమే చేత్తో పుష్ చేస్తే అదే ఫలితం నిశ్శబ్దంగా వస్తుంది. వందల కిలోమీటర్ల లైను మీద చెదిరిన సంస్థకైతే ఆటోమేటిక్ పుష్ దాదాపు ఎప్పుడూ తప్పు ఎంపికే.

కాన్ఫిగరేషన్ మేనేజర్ బదులు జోహో వారి ఎండ్‌పాయింట్ సెంట్రల్, హెచ్‌సీఎల్ చేతికి వచ్చిన బిగ్‌ఫిక్స్ వాడే చోట్ల చిక్కుముడి కాస్త వేరుగా ఉంటుంది గానీ, అక్కడ కూడా ఏజెంటును డొమైన్ జాబితా చూసి పంపితే పాత పేర్ల బాధ తప్పదు. 2017 చివర్లో వచ్చిన కో-మేనేజ్‌మెంట్ తర్వాత చాలా కంపెనీలు ల్యాప్‌టాపుల్ని మైక్రోసాఫ్ట్ క్లౌడు సేవ అయిన ఇంట్యూన్ వైపు మళ్ళిస్తున్నాయి. అక్కడ కంప్యూటర్ ఇంటర్నెట్ మీద తానే నమోదు చేసుకుంటుంది, సీసీఆర్ అనే చీటీయే ఉండదు. అయితే ఇంటర్నెట్టుకు తావులేని మూసిన నెట్‌వర్కుల్లో, రైలు నడకకు సంబంధించిన గదుల్లాంటి చోట్ల, ఆ దారి తెరవడం ఇప్పట్లో జరిగేది కాదు.

అక్కడ పనిచేసేవాళ్ళకు ఒక వరస పనికొస్తుంది. ముందు ఆటోమేటిక్ పుష్ టిక్కు తీసేయాలి, వరదకు గేటు అదే. తర్వాత సీసీఎం లాగ్‌లో అంకెల లెక్క. ఆపైన డిస్కవరీ జల్లెడలు, డీఎన్ఎస్ స్కావెంజింగ్, హార్ట్‌బీట్‌తో ఫ్లాగ్ గడువు సరిచూడడం. ముట్టుకోకూడని సర్వర్ల పేర్లను రిజిస్ట్రీలోని ఎక్స్‌క్లూడ్ సర్వర్స్ జాబితాలో చేర్చాలి. ఎన్‌టీఎల్ఎం వెసులుబాటు మూసేయాలి. ఇవన్నీ అయ్యాకే రిట్రై ఫోల్డరులోని ఫైళ్ళు డిలీట్ చేయాలి. ఆ తర్వాత ఒక పూర్తి డిస్కవరీ గడిచేదాకా, అంటే కనీసం 7 రోజులు, ఏమీ మార్చకుండా లాగ్ చూస్తూ ఉండాలి. క్లయింటు లేని కంప్యూటర్ల జాబితాలో ఇంకా మిగిలే పేర్లు ఉంటే అవి నిజంగా ఏదో ఒక గదిలో ఉన్న, నిజంగా సాయం కావాల్సిన కంప్యూటర్లవి అయ్యే అవకాశం ఎక్కువ. కండెమ్ చేసే కాగితం మీద డొమైన్ అకౌంటు తొలగించారా అనే గడి ఒకటి చేర్పించడం సర్వర్ గదిలో తేలే పని కాదు. దానికి స్టోర్స్ వాళ్ళతోనూ, అకౌంట్స్ వాళ్ళతోనూ కూర్చుని మాట్లాడాలి.